సింగ్‌నగర్‌కి రెండు ట్రిప్పులు

2024 సెప్టెంబరు 1, ఆదివారం బుడమేరు వాగు పొంగి, వరద విజయవాడ మీద పడింది. మంగళవారం పొద్దున్నే తెనాలి నుంచి మేం ఆరుగురం ట్రాలీ ఆటోలో ఎనిమిది వందల పులిహోర పొట్లాలు, అర లీటరు నీళ్ల బాటిళ్ల కేసులు వేసుకుని బయల్దేరాం. వారధి మీద కృష్ణను చూస్తేనే గుండె జారింది. ముందురోజే ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి మరి.

సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర బండి ఆగిపోయింది. అక్కణ్ణుంచి పడవే. మా ముందున్న బండ్లన్నింట్లోనూ అదే సరుకు: పులిహోర, బాటిళ్లు. 2022 జులై నుంచి నిషేధమున్న ప్లాస్టిక్ ప్లేట్లు, స్పూన్లు కూడా కట్టలు కట్టలుగా ఉన్నాయి. పడవ దొరికేసరికి మధ్యాహ్నం దాటింది. పులిహోర పాడవదంటారు గానీ, ఆవిరి ఆరకుండా ప్లాస్టిక్ కవర్లో మూతి బిగిస్తే ఏదైనా పాడవుతుంది. సగం పొట్లాలు నీళ్లలోనే పారేశాం. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు.

ఒక మేడ మీంచి పెద్దావిడ తాడు కట్టి బకెట్ దించింది. పొట్లం వేయబోతే, "అన్నం పొద్దున్నించీ మూడుసార్లు ఇచ్చారు నాయనా. పసిదానికి పాలపొడి కలపడానికి మంచినీళ్లున్నాయా? దోమల చుట్టలు?" అంది. రెండు సందులు అవతల మాత్రం ఎవరూ రాలేదని అరుస్తున్నారు. పడవ చుట్టూ కవర్లు, ఖాళీ సీసాలు తేలుతున్నాయి. వాటిలో మావెన్నో!

ఆ రాత్రి పాయకాపురంలో ఉండే మావాడి బావకి ఫోన్ చేసి, ఏ సందుకి ఏం కావాలో రాసుకున్నాం. గురువారం బాటిళ్లు మానేసి ఇరవై లీటర్ల టిన్నులు తీసుకెళ్లాం. ఊగే పడవలోంచి ఇరవై కిలోల టిన్ను మేడ మీదికి ఎలా అందిస్తాం? ఆ టెన్షన్ వాళ్లే తీర్చారు. తాళ్లతో బిందెలు దించారు, మేం మగ్గుతో నింపాం. కాస్త ఒలికింది, పోనీండి. పులిహోర ఆరబెట్టి అడ్డాకుల్లో కట్టించాం. మొదటి పడవలో అడుగున చేరిన నీళ్లకి ఆకులు విడిపోయి పాతిక పొట్లాలు పోయాయి. తర్వాత కూరగాయల క్రేట్లలో పెట్టి, కింద చెక్కలు వేశాం.

వెంట ఖాళీ గోతాలు కూడా తీసుకెళ్లాం. ఫ్లైఓవర్ కింద పోగుపడ్డ సీసాలు పద్నాలుగు గోతాలయ్యాయి. డ్రైవరన్న మొదట ఒప్పుకోలేదు. "ఖాళీగా వెళ్లినా డీజిలు అంతే కదన్నా" అంటే, బండి కడిగి ఇవ్వాలన్న షరతు మీద ఎక్కించుకున్నాడు. తెనాలిలో పాత సామాన్ల కొట్టాయన బురద చూసి తీసుకోనన్నాడు. బోరు దగ్గర రెండు గంటలు కడిగాం. మర్నాడు తూకం వేసి డబ్బులివ్వబోతూ, "మళ్లీ ఎప్పుడెళ్తున్నారు?" అని అడిగి, ఆ డబ్బుకి దోమల చుట్టలు కొనమన్నాడు.