యాంటీబయాటిక్ కంటే ముందు ఇచ్చిన ఆ ఇంజెక్షన్

తమ్ముడు డిశ్చార్జ్ అయి మూడు వారాలైంది, ఇప్పటికి కూర్చుని రాయగలుగుతున్నాను.

పొద్దున్నుంచి జ్వరం, తలనొప్పి, వాంతులు ఉంటే వైరల్ అనుకుని పారాసిటమాల్ వేశాం. మెడ వంచలేకపోతున్నాడని సాయంత్రం అమ్మే గమనించింది. రాత్రి కారులో మలక్‌పేట దాటేసరికి వాడు నన్ను గుర్తుపట్టట్లేదు.

బ్యాక్టీరియల్ మెనింజైటిస్ అన్నారు. పక్కింటివాళ్లు దోమల వల్ల వచ్చే మెదడువాపు అనుకున్నారు గానీ ఇది వేరు, మెదడు చుట్టూ ఉండే పొరలకు పట్టే ఇన్‌ఫెక్షన్. డ్యూటీ డాక్టర్ రక్తం తీయించి, స్కానింగ్ కోసం ఆగకుండా ముందు డెక్సామెథాసోన్ అనే స్టిరాయిడ్, వెంటనే సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఎక్కించారు. స్టిరాయిడ్ అనగానే అమ్మకి టెన్షన్. ఇన్‌ఫెక్షన్ ఉంటే స్టిరాయిడ్ ఏంటి సార్ అని నేనూ అడిగాను.

ఆయన ఓపిగ్గా చెప్పారు. యాంటీబయాటిక్ పడగానే బ్యాక్టీరియా పగిలిపోతుంది, దాని గోడ ముక్కలు మెదడు చుట్టూ ఉండే నీటిలో కలుస్తాయి, వాటి మీదికి మన ఒళ్లే విరుచుకుపడి వాపు పెంచేస్తుంది, చుట్టూ పుర్రె ఎముక కాబట్టి వాచడానికి చోటుండదు, ఒత్తిడి పెరిగి మెదడుకి రక్తం అందదు. ఆ వాపుని అణచడానికే యాంటీబయాటిక్ మొదటి డోసుకి ముందు గానీ దాంతోపాటు గానీ స్టిరాయిడ్ పడాలి. 2002లో అచ్చయిన యూరప్ ట్రయల్ గురించి తర్వాత చదివాను: 301 మంది పెద్దవాళ్లలో స్టిరాయిడ్ ఇవ్వనివాళ్లు 15 శాతం చనిపోతే, ఇచ్చినవాళ్లలో 7 శాతమే. న్యూమోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చినవాళ్లకే లాభం ఎక్కువ. మావాడిదీ అదే, ఏళ్లుగా చీము కారే చెవి నుంచే లోపలికి పోయి ఉంటుందన్నారు. ఆరు గంటలకోసారి, 4 రోజులు ఇచ్చారు.

పరీక్ష కోసం వెన్నులో నీరు తీస్తామంటే నడుం పడిపోతుందని మామయ్య అడ్డుపడ్డాడు. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుం పైభాగంలోనే ఆగిపోతుంది, సూది గుచ్చేది దానికి కిందే. దయచేసి ఈ భయంతో టైమ్ పోగొట్టుకోకండి.

నాకు ఇప్పటికీ కోపం తెప్పించేది డిశ్చార్జ్ కాగితం. మందులన్నీ రాశారు, వినికిడి పరీక్ష మాత్రం రాయలేదు. ఈ జబ్బు తర్వాత లోపలి చెవిలో కొన్ని వారాల్లోనే ఎముక పెరిగి మూసుకుపోవచ్చు, అప్పుడు కాక్లియర్ ఇంప్లాంట్ (వినపడటానికి ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే పరికరం) పెట్టాలన్నా కష్టం. వాడు ఫోన్ ఎడమ చెవికి పెట్టుకుని "ఏం వినపడట్లేదక్కా" అన్నాకే కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి పరిగెత్తాం. కుడి చెవి బాగుంది. ఎడమ వైపు బాగా తగ్గింది, మంగళవారం ఎంఆర్ఐ.