గంటకు ఒక్క నిమిషం ముందు

మావాడు యూకేజీలో ఉన్నప్పుడు డైరీ నిండా ఎర్ర ఇంకే. "కూర్చోడు." "గంట కొట్టగానే బెంచీ కిందకు దూరుతున్నాడు." "ఇంట్లో క్రమశిక్షణ నేర్పండి." మాది కావలి. మా అత్తమ్మేమో "వాళ్ల నాయనా అంతే, నాలుగేళ్లకు గానీ మాట్లాడలేదు, ఊరుకో" అనేది. ఊరుకున్నాను. అక్కడే ఏడాది పోయింది.

ఒకటో తరగతిలో హెచ్‌ఎం పిలిచి, "ఇట్టాంటి పిల్లలకు మా దగ్గర టీచర్లు లేరమ్మా, టీసీ తీసుకోండి" అన్నారు. తీసుకోలేదు. పిల్లల డాక్టరు ఆటిజం కావచ్చంటూ నెల్లూరు సీఆర్‌సీకి పంపారు. దివ్యాంగుల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే సెంటరు అది.

అక్కడ నన్ను కూర్చోబెట్టి 40 అంశాల మీద ప్రశ్నలు వేశారు. కళ్లలోకి చూస్తాడా, అన్నమాటే మళ్లీ మళ్లీ అంటాడా, శబ్దం వింటే ఏం చేస్తాడు... ఒక్కోదానికి ఐదు అంచెల్లో మార్కులు. మొత్తం 70కి చేరితే ఆటిజం కింద లెక్క. మావాడికి 96. బిడ్డకు మార్కులు ఎక్కువొచ్చాయని ఏడ్చింది నేనొక్కదాన్నేనేమో.

ఆ రిపోర్టు వేరు, దివ్యాంగుల సర్టిఫికెట్ వేరు. సర్టిఫికెట్ కోసం మళ్లీ ప్రభుత్వాసుపత్రి చుట్టూ తిరగాలి. ఆ తిప్పట గురించి చెప్పుకుంటే తెల్లారుతుంది. సీఆర్‌సీ వరండాలో పరిచయమైన ఒకావిడ పాపకు ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస ఒకచోట నిలవదు, కుదురుండదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో రాసిన 21 రకాల్లో ఆ పేరే లేదని తెలిసి ఆవిడ మెట్ల మీదే కూలబడింది. మాకు కనీసం చట్టంలో పేరన్నా ఉంది.

స్కూలుకు నేను రాసిన మొదటి ఉత్తరం మూడు పేజీలు. సగం ఏడుపే. థెరపీ మేడమ్ చదివి, "మీ బాధ కాదమ్మా, వాడికేం కావాలో రాయండి" అన్నారు. అరపేజీకి కుదించాను. స్పీకరుకు దూరంగా సీటు. గంట మోగే ముందు ఒకరు వాడికి చెప్పడం. బోర్డు మీది లెక్కలు కాగితం మీద ఇవ్వడం. చెవులు మూసుకుంటే కొట్టకపోవడం. ప్రభుత్వ గుర్తింపున్న బడి ఏదైనా ఇట్లాంటి సర్దుబాట్లు చేయాలని ఆ చట్టంలో 16వ సెక్షన్ చెబుతోందని చివర ఒక్క లైను.

"ఇక్కడ పెట్టి వెళ్లండి, చూస్తాం" అన్నారు హెచ్‌ఎం. రెండో కాపీ మీద ముద్ర వేసిమ్మన్నాను. ముద్ర లేదన్నారు. సంతకమైనా చేయండి సార్ అని అక్కడే కూర్చున్నాను. మధ్యాహ్నం బెల్లు దాకా కూర్చుంటే చేశారు.

సీటు మారింది. లెక్కల కాగితం రెండు వారాలు ఇచ్చి మానేశారు, మళ్లీ అడిగాను. గంట సంగతి మాత్రం టీచర్లెవరూ పట్టించుకోలేదు. చివరికి ఆ పని ఆయమ్మ చేసింది, ఎవరూ చెప్పకుండానే. ఒక్క నిమిషం ముందు వచ్చి, "అబ్బయ్యా, మోగబోతాది" అని వాడి భుజం మీద చెయ్యేస్తుంది. వాడు రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుని ఆమె మొహంకేసి చూస్తుంటాడు. ఆగిపోయాక వేళ్లు తీసి, "అయిపోయింది" అంటాడు. బెంచీ కిందకు దూరడం లేదు.

మొన్న డైరీలో మళ్లీ ఎర్ర ఇంకు. వార్షికోత్సవానికి మైకులు, డీజే ఉంటాయి కాబట్టి బాబును ఆ రోజు ఇంట్లోనే ఉంచుకోమని. రెండో ఉత్తరం రాశాను. ఈసారి నాలుగు లైన్లే. కాపీలు మాత్రం రెండు.