412ను నాలుగుతో భాగిస్తే

పుస్తకాల బీరువా పై అరలో రెండేళ్లుగా కదలకుండా ఉన్న అట్టపెట్టెను నిన్న కిందికి దించాను. పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పాలని నిర్ణయించుకున్న ఏడాది ఎంతో ఆశతో తెప్పించుకున్న పాఠ్యప్రణాళిక అందులో ఉంది. 36 వారాలు, వారానికి ఐదు రోజులు. ఏ రోజు ఏ పుస్తకంలో ఎన్ని పేజీలు చదవాలో గళ్లు గీసి మరీ ఇచ్చారు. పూర్తయిన గడిలో టిక్కు పెట్టుకుంటూ పోవాలి. మా టిక్కులు పదకొండో వారం బుధవారం దాకా ఉన్నాయి. అక్కడి నుంచి గళ్లన్నీ ఖాళీ.

ఆ బుధవారం నాకు బాగా గుర్తుంది.

అప్పుడు అమ్మాయికి తొమ్మిదేళ్లు, అబ్బాయికి ఆరు. నా భార్య పగలు ఉద్యోగానికి వెళుతుంది. నా పని మధ్యాహ్నం మొదలవుతుంది, అదీ ఇంటి నుంచే. అందువల్ల ఉదయం పాఠాలు నా వంతు. ఆ రోజు అమ్మాయికి భాగహారం. 412ను 4తో భాగించమన్నాను. చకచకా గీత గీసి, అంకెలు దించి, 13 అని జవాబు రాసింది. తప్పని చెప్పాను. చెరిపి మళ్లీ చేసింది. మళ్లీ 13. మూడోసారి గొంతు పెంచాను. గడియారం చూస్తే మేము అప్పటికే రెండు గళ్లు వెనకబడి ఉన్నాము. తను పెన్సిల్ కింద పెట్టి, "ఏ మెట్టు మర్చిపోయాను నాన్నా?" అని అడిగింది.

412 వస్తువులను నలుగురికి పంచితే ఒక్కొక్కరికి పదమూడే వస్తాయా అన్న అనుమానం తనకు రానే లేదు. నాలుగు పదమూళ్లు ఎంతో తనకు తెలుసు. కానీ భాగహారానికీ పంచడానికీ సంబంధం ఉందని తెలియదు. తనకు తెలిసిందల్లా కొన్ని మెట్లు: భాగించు, గుణించు, తీసివెయ్యి, దించు. వాటిలో ఏదో జారిపోయింది, అంతే.

రాత్రి ఈ సంగతి చెబితే నా భార్య కాసేపు మాట్లాడలేదు. తరువాత ఒకే ఒక్క మాట అడిగింది. "మీరు దానికి లెక్కలు నేర్పుతున్నారా, పుస్తకం పూర్తి చేస్తున్నారా?" నా దగ్గర జవాబు లేదు. మర్నాడు గళ్ల కాగితాన్ని పెట్టెలో పెట్టేశాను.

తరువాతి నాలుగు నెలలు లెక్కల పుస్తకం తెరవలేదు. దళసరి అట్ట తెచ్చి మూడు రకాల ముక్కలు కోశాము. పది సెంటీమీటర్ల చదరం వంద. పది సెంటీమీటర్ల పొడవు, ఒక సెంటీమీటరు వెడల్పు ఉన్న బద్ద పది. ఒక సెంటీమీటరు చదరం ఒకటి. ఒకట్లు కోయడానికే రెండు రోజులు పట్టింది, వేళ్లకు కత్తెర గుర్తులు పడ్డాయి. వాటితో మొదట సంఖ్యలు పేర్చడం, తరువాత కూడికలు, ఆపైన అప్పు తెచ్చుకునే తీసివేతలు. తొమ్మిదేళ్ల పిల్లకు రెండు తరగతులు వెనక్కి వెళ్లి ఇవన్నీ చేయించడం నాకు మొదట్లో చాలా కష్టంగా ఉండేది. ఎవరైనా ఇంటికి వస్తే అట్టముక్కలు తీసి దాచేవాణ్ని. తను మాత్రం ఒక్కసారి కూడా చిన్నబుచ్చుకోలేదు. ఆ నామోషీ అంతా నాదే.

మూడో నెలలో మళ్లీ 412 ఇచ్చాను. నాలుగు వంద చదరాలు, ఒక పది బద్ద, రెండు ఒకట్లు బల్ల మీద పెట్టింది. వందలు తలా ఒకటి పంచింది. పది బద్ద చేతిలోకి తీసుకుని ఆగిపోయింది. ఒకే బద్ద, నలుగురు మనుషులు. దాన్ని పక్కన పెట్టి పది ఒకట్లు తీసుకుంది. మొత్తం పన్నెండు, తలా మూడు. తరువాత చాలాసేపు బల్లను చూసి అంది: "పదుల వరుసలో ఎవరికీ ఏమీ రాలేదు నాన్నా. అందుకే అక్కడ సున్న." 103 అని రాసి, సున్న చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో వలయం గీసింది. ఆ కాగితం నా దగ్గర భద్రంగా ఉంది.

మేము చేసిన దానికి ఒక చరిత్ర ఉందని ఆ తరువాత చదివి తెలుసుకున్నాను. మనిషి ఒక భావాన్ని మొదట చేతులతో, తరువాత బొమ్మతో, చివరికి గుర్తులతో పట్టుకుంటాడని 1960లలో జెరోమ్ బ్రూనర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ప్రతిపాదించాడు. సింగపూర్ 1980లలో తన ప్రాథమిక గణిత పాఠ్యపుస్తకాలను ఈ క్రమం మీదే నిర్మించుకుంది. మా పెట్టెలోని పుస్తకంలో బొమ్మలు ఉన్నాయి. కానీ ఒక్క పేజీలో రెండు బొమ్మలు చూపించి, తిప్పగానే గుర్తుల్లోకి వెళ్లిపోతుంది. చాలామంది పిల్లలకు అది సరిపోతుందేమో. మా అమ్మాయికి మాత్రం చేతులతో చేసే దశ చాలాకాలం కావాలి.

అబ్బాయి దారి పూర్తిగా వేరు. లెక్కల పుస్తకాలు స్థూలంగా రెండు రకాలు. కొన్ని ఒక అంశాన్ని పట్టుకుంటే అది పూర్తిగా వచ్చేదాకా వదలవు. ఇంకొన్ని ప్రతి పాఠంలోనూ కొత్తది కొంచెం, పాతవి నాలుగైదు కలిపి ఇస్తూ చుట్టూ తిరిగి వస్తుంటాయి. అమ్మాయికి మొదటి రకం నప్పింది. అదే పుస్తకం వాడికి ఇస్తే మూడు వారాలు కూడికలే చేసి నాలుగో వారం ఏడ్చాడు. రెండో రకం ఇచ్చాక హాయిగా చేసుకుపోతున్నాడు. అన్నాచెల్లెళ్లు, అక్కాతమ్ముళ్లు ఒకే పుస్తకం వాడితే కలిసొస్తుందని పెద్దవాళ్లు చెబుతారు. బట్టల విషయంలో నిజమే. లెక్కల పుస్తకం విషయంలో నేను ఒప్పుకోను.

మధ్యలో ఒక మూడు నెలలు పాఠాలే మానేశాము. బడి వద్దు, బడిని ఇంట్లో పెట్టుకోవడమూ వద్దు, పిల్లలు తమ ఆసక్తి వెంట వెళ్లి నేర్చుకుంటారన్నది అమెరికన్ విద్యావేత్త జాన్ హోల్ట్ వాదన. పిల్లల మీద ఆయనకున్న నమ్మకం నన్ను కదిలించింది. అమ్మాయి ఆ మూడు నెలల్లో పక్షుల బొమ్మలతో రెండు పుస్తకాలు నింపింది. అబ్బాయి మాత్రం అక్షరాల జోలికే వెళ్లలేదు. కొందరు ఇంకా ఎదురుచూస్తారు. నా మనసు ఒప్పలేదు. చదవడం వాడికి అందనంతకాలం వాడి ఆసక్తులు ఎంత దూరం వెళ్లగలవు?

వాడి తెలుగు చదువు గురించి కొంచెం చెప్పాలి. అక్షరాలు, గుణింతాలు ఆరు నెలల్లో వచ్చాయి. ఒత్తుల దగ్గర బండి ఆగింది. 'అక్క', 'పిల్లి' చదివేవాడు కానీ 'చక్రం' అని రాస్తే 'చర్కం' అనేవాడు. 'ప్రజలు' వాడి నోట్లో 'ర్పజలు'. అశ్రద్ధ అనుకుని పదేపదే సరిదిద్దాను. ఒక రోజు వాడి పక్కన కూర్చుని, వాడి వేలు ఎక్కడ కదులుతుందో చూశాను. క్రారవడి అక్షరానికి ఎడమ వైపు నుంచి మొదలై కిందికి చుట్టుకుంటుంది. వాడి వేలు ఎడమ నుంచి కుడికి వెళుతూ ముందు ఆ కొక్కేన్నే తాకుతోంది. ముందు కనిపించింది ముందు పలుకుతున్నాడు. వాడు చేసేది సబబే. అక్షరాన్ని ముందు చూడాలి, దాన్ని చుట్టుకున్నది తరువాత పలకాలి అన్న సంగతి నేనే చెప్పలేదు. అక్షరాన్ని నల్లగా, క్రారవడిని ఎర్రగా రాసిన ఇరవై కార్డులు చేశాను. నల్లది ముందు, ఎర్రది తరువాత. పది రోజుల్లో సర్దుకుంది. ఏ వాచకమూ ఈ సంగతి నాకు చెప్పలేదు, వాడి వేలు చెప్పింది.

ఇప్పుడు మా ఉదయాలు ఇలా గడుస్తున్నాయి. ఎనిమిదిన్నరకు ముగ్గురం బల్ల దగ్గర చేరతాము. ముందు లెక్కలు, ఎందుకంటే అప్పుడు అందరికీ ఓపిక ఉంటుంది. అబ్బాయికి ఇరవై నిమిషాలు, అమ్మాయికి నలభై. వాడి పాఠం అయ్యేదాకా తను చూచిరాత రాసుకుంటుంది, తన పాఠానికి వాడు కార్డులతో కూర్చుంటాడు. చిన్నపిల్లలకు పాఠం ఇరవై నిమిషాలు దాటకూడదన్నది బ్రిటిష్ విద్యావేత్త షార్లెట్ మేసన్ పద్ధతి. ఇళ్లలో చదువు చెప్పే వారికి శిక్షణ ఇవ్వడానికి ఆమె 1892లో ఆంబుల్‌సైడ్‌లో ఒక సంస్థను స్థాపించింది. పాఠం చిన్నదైతే ధ్యాస నిలుస్తుందన్న ఆమె మాటను మొదట నమ్మలేదు. గంటసేపు కూర్చోబెట్టి, అందులో నలభై నిమిషాలు "ఇటు చూడు" అనడానికే ఖర్చు చేశాక నమ్మాను.

ఆమె దగ్గర నుంచే తీసుకున్న ఇంకో పద్ధతి తిరిగి చెప్పించడం. ఒక భాగాన్ని ఒకేసారి చదివి వినిపించి, పుస్తకం మూసి, విన్నది సొంత మాటల్లో చెప్పమంటాను. మధ్యలో అందించను, ప్రశ్నలు వేయను. మొదటి వారాల్లో అబ్బాయి "ఒక రాజు ఉన్నాడు" అని ఆగిపోయేవాడు. ఇంతకంటే రెండుసార్లు చదివిస్తే మేలు కదా అనిపించేది. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగం చదివాక నిలదొక్కుకున్నాను. మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తరువాత పెట్టిన పరీక్షలో మెరుగ్గా చేశారు. కానీ వారం తరువాత చూస్తే, చదివింది గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లే చాలా ఎక్కువ నిలుపుకున్నారు. వాళ్లు కళాశాల విద్యార్థులు, మావాడు చిన్నవాడు. అయినా ఇప్పుడు వాడు ఐదు నిమిషాలు ఆగకుండా చెబుతాడు. నేను గమనించని వివరాలు కూడా చెబుతాడు.

చరిత్ర, సైన్సు ఇద్దరికీ కలిపే. వీటిలో తరగతుల అంతరం పెద్దగా అడ్డు రాదు. ఒకే విషయం మీద అమ్మాయి అరపేజీ రాస్తుంది, అబ్బాయి బొమ్మ గీసి కింద ఒక వాక్యం రాస్తాడు. సైన్సు వారాంతాల్లో నా భార్య చూసుకుంటుంది. కిందటి నెల నిటారుగా పాతిన కర్ర నీడను పది నిమిషాలకు ఒకసారి కొలిపించింది. గడియారం పన్నెండు కొట్టినప్పుడు నీడ అతి పొట్టిగా లేదు. ఇద్దరూ గడియారం చెడిపోయిందన్నారు. గడియారం చూపేది ఒక పెద్ద ప్రాంతమంతా కలిసి ఒప్పుకున్న వేళ అనీ, సూర్యుడు మన నడినెత్తి గీతను దాటే క్షణం ఊరూరికీ కొంచెం మారుతుందనీ వాళ్లకు అర్థమయ్యేసరికి రెండు ఆదివారాలు పట్టింది. అవి ఏ గడిలోనూ పట్టని ఆదివారాలు.

పదకొండున్నరకు పాఠాలు ముగుస్తాయి. అంత తక్కువా అని అడుగుతారు. ఒక్కో పిల్ల పక్కన ఒక పెద్ద మనిషి కూర్చుంటే హాజరు పిలవడం, వరుసలో నిలబడడం, మిగతావాళ్లు పూర్తిచేసేదాకా ఆగడం ఉండవు. మధ్యాహ్నాలు వాళ్లవి.

ఇంటి చదువులో అంతా బాగుందని చెప్పలేను. ఈ ఏడాది మొదట్లో అమ్మాయి ఒక రాత్రి, "నేను చదివిన పుస్తకమే చదివినవాళ్లు నాకు ఎవరూ లేరు" అంది. నాకది గుచ్చుకుంది. పిల్లలు నలుగురితో కలవరు కదా అని ఎవరైనా అడిగినప్పుడు, సాయంత్రం ఆటలు ఉన్నాయిగా అని చెప్పేవాణ్ని. తను అడిగింది ఆటలు కాదు. ఇప్పుడు ఇంకో రెండు కుటుంబాల పిల్లలతో కలిసి వారానికి ఒకసారి, అందరూ ఒకే పుస్తకం చదివి వచ్చి మాట్లాడుకుంటున్నారు. మొదటి రోజు తను నోరు విప్పలేదు. మూడో వారం ఇంటికి వచ్చాక కూడా వాదన ఆపలేదు. ఆ లోటు పూర్తిగా తీరిందో లేదో తననే అడగాలి.

నిన్న పెట్టె దించింది దాన్ని ఇంకో ఇంటికి ఇచ్చేయడానికే. వాళ్ల అమ్మాయికి గళ్లంటే ఇష్టమట, రోజూ టిక్కు పెడితేనే నిద్రపడుతుందట. ఆ పిల్లకు ఇది చక్కగా సరిపోతుంది. పుస్తకాలు దులుపుతుంటే మా అమ్మాయి వచ్చి ఆ భాగహారం పేజీ తీసింది. తన పాత 13 అలాగే ఉంది. నవ్వుకుని, అట్టముక్కల డబ్బా తెచ్చి కింద కూర్చుంది. 412కు ఇంకొకటి చేర్చి 413 పంచింది. తలా 103. ఒక ఒకటి మిగిలింది.

"పది బద్దను పది ముక్కలు చేశాం కదా నాన్నా. ఈ ఒకటిని కూడా చేయవచ్చా?"

తన పుస్తకంలో దశాంశాలు వచ్చే ఏడాది ఉన్నాయి. ఒక సెంటీమీటరు ముక్కను కత్తెరతో పదిగా కోయడం కుదరదన్నాను. కాసేపు ఆలోచించి, ఆ చిన్న ముక్కను పక్కకు నెట్టి, దాని చోట వంద చదరాన్ని పెట్టింది. "అయితే ఇదే ఒకటి అనుకుందాం." అప్పుడు బద్దలన్నీ పదో వంతులయ్యాయి. తలా రెండు బద్దలు పంచింది. మిగిలిన రెండు బద్దలను చిన్న ముక్కలుగా మార్చి లెక్కపెడుతుంటే, తమ్ముడు వచ్చి తనకూ వాటా కావాలన్నాడు. "నువ్వొస్తే ఐదుగురవుతారు, లెక్క మారుతుంది" అని వాడిని పక్కన కూర్చోబెట్టుకుని మొదటి నుంచి మొదలుపెట్టింది.