వంకర స్తంభాల దగ్గర జాగ్రఫీ క్లాసు

హాంగ్‌కాంగ్ అంటే మనవాళ్లకు అద్దాల టవర్లు, డిస్నీల్యాండ్, షాపింగే. ఇక్కడి నేలలో దాదాపు 40 శాతం కంట్రీ పార్కులే అంటే నమ్మరు. నేను జాగ్రఫీ చెప్పే పిల్లలూ నమ్మరు. పుట్టి పెరిగింది ఇక్కడే అయినా వాళ్లకు తెలిసింది ఇల్లు, ట్యూషన్, ఎంటీఆర్ రైలు, అంతే.

అందుకే ఏటా వాళ్లను సాయ్ కుంగ్ వైపు, జియోపార్కుకు, అంటే అరుదైన రాళ్లను కాపాడే పార్కుకు తీసుకెళ్తాం. అదీ చలికాలంలోనే. వేసవిలో ఎండ హెచ్చరికో తుఫాను సిగ్నలో ఏదో ఒకటి అడ్డొస్తుంది. ఆ ఒక్కరోజు కోసం నింపాల్సిన ఫారాలు చూస్తే, ఆ లోపు ఒక పాఠం మొత్తం చెప్పేయొచ్చనిపిస్తుంది. దారిలో రోడ్డు మీద ఆవులు తిరుగుతుంటాయి. ఒకప్పుడు ఇక్కడ వరి పండించినవాళ్లు సేద్యం మానేసి వదిలేసిన పశువుల సంతతి అవి. పిల్లలు భయంతో నా వెనక్కి చేరతారు, నాకేమో ప్రాణం లేచొస్తుంది.

మేం వెళ్లేది హై ఐలాండ్ రిజర్వాయర్ తూర్పు డ్యామ్ దగ్గరికి. 2015 నుంచి యునెస్కో గ్లోబల్ జియోపార్కుగా గుర్తింపున్న ప్రాంతం. సుమారు 14 కోట్ల ఏళ్ల కింద ఇక్కడ అగ్నిపర్వతం పేలి, మరిగే బూడిద గుట్టలుగా పేరుకుంది. అది మెల్లగా చల్లారుతూ కుంచించుకుపోయి, నిలువునా ఆరు పలకల స్తంభాలుగా చీలింది. ఎండిన చెరువు నెర్రెల ఫొటో ఫోన్లో చూపించి, అక్కడ నీరు పోయి చీలింది, ఇక్కడ వేడి పోయి చీలింది అంటాను. వేరే దేశాల్లో ఇలాంటివి ఎక్కువగా నల్లటి బసాల్ట్ లావాలో ఏర్పడతాయి. సిలికా ఎక్కువున్న బూడిద రాయిలో ఇంత పెద్ద ఎత్తున ఉండటం అరుదు.

ఇంత చెప్పినా, నిటారు స్తంభాల దగ్గర పిల్లలు నేర్చుకునేది తక్కువే. బోర్డు చదువుతారు, సెల్ఫీ దిగుతారు, "మిస్, ఇది పరీక్షకు వస్తుందా?" అంటారు. అసలు క్లాసు మొదలయ్యేది పక్కనున్న వంకర స్తంభాల దగ్గర. అక్కడ బోర్డు చదవనివ్వను. ఎందుకు వంగాయో మీరే చెప్పండి అంటాను.

పోయినసారి ఒకబ్బాయి, "డ్యామ్ కట్టేటప్పుడు బాంబులు పెట్టారేమో మిస్" అన్నాడు. తీసిపారేసే మాట కాదు. వెంటనే ఒకమ్మాయి, "బాంబు పెడితే పగలాలి కదా, వంగడమేంటి?" అంది. అయితే వంగినప్పుడు రాయి ఇంకా పూర్తిగా గట్టిపడలేదా? అక్కడిదాకా వాళ్లంతట వాళ్లే వచ్చారు. పూర్తిగా గట్టిపడకముందే నేల కదిలి వంగాయన్నదే భూగర్భ శాస్త్రవేత్తల మాట కూడా. ఆ తర్వాత స్తంభాల మధ్యలోంచి చొచ్చుకొచ్చిన నల్లటి రాతి పట్టీ చూపించి, ఏది ముందు, ఏది వెనక అని అడిగాను. కోసుకుంటూ వచ్చిందే వయసులో చిన్నది అని తేలేసరికి లంచ్ టైం దాటిపోయింది.

డ్యామ్ కథ కూడా చెప్పకుండా ఉండలేను. 1963 కరువులో ఈ ఊళ్లో నాలుగు రోజులకోసారి నాలుగు గంటలే నీళ్లిచ్చారు. తర్వాత ఇక్కడ సముద్రపు పాయకు రెండు వైపులా కట్ట కట్టి మంచినీళ్లు నింపారు. 1978లో పూర్తయింది. రాయలసీమ మనిషిని కదా, ఆ భాగం కాస్త ఎక్కువసేపే చెప్తాను. పైగా చాలాచోట్ల ఈ స్తంభాలను చూడాలంటే పడవెక్కాలి. ఇక్కడ నడిచి వెళ్లి చేత్తో తాకొచ్చు.

తిరిగొస్తుంటే, "మీ ఊళ్లో ఇలాంటివి ఉన్నాయా మిస్?" అని అడిగారు. మాది తిరుపతి. చిన్నప్పుడు శిలాతోరణం చూపించడానికి తీసుకెళ్లిన సారు తలలు లెక్కపెట్టారే కానీ, ఆ రాయి ఎలా ఏర్పడిందో చెప్పలేదు. ఘాట్ రోడ్డు పక్కన కింద గ్రానైటు, పైన క్వార్ట్‌జైటు (గట్టిపడ్డ ఇసుకరాయి), రెండింటి వయసుల మధ్య పదుల కోట్ల ఏళ్ల ఖాళీ ఉందని, అది జాతీయ భూగర్భ స్మారకమని నాకు ఉద్యోగంలో చేరాకే తెలిసింది. క్లాసులో చూపిద్దామని తమ్ముణ్ణి ఫొటో తీసి పంపమన్నాను. శిలాతోరణం ముందు కుటుంబమంతా నిలబడ్డ ఫొటో పంపాడు. అందులో సగం రాయి మా మరదలి వెనకే ఉండిపోయింది. ఘాట్ రోడ్డు సంగతేంట్రా అంటే, "అక్కడ కారు ఆపనివ్వరక్కా" అన్నాడు.