ముసురు రోజు నూలు తూకం

రాత్రి నుంచి ముసురు పట్టింది. ఇలాంటప్పుడు అమలాపురం దగ్గరి నేత ఊరు బండారులంకలో పడుగుకు (మగ్గం మీద నిలువు పోగులకు) గంజి పెట్టరు. పెట్టినా ఆరక పోగుకు పోగు అంటుకుంటుంది. నూలు నంబరు చూసుకుందామా అంటే తూకాన్నీ పూర్తిగా నమ్మడానికి లేదు.

నూలు చుట్టిన కట్ట చిలప. చిలపకు 840 గజాలు, అంటే 120 గజాల లీలు ఏడు. గజంన్నర చుట్టుకొలత చట్రం మీద 80 చుట్లు తిప్పితే ఒక లీ. పౌనుకు ఎన్ని చిలపలు తూగితే అది నంబరు; నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నం. లీని గ్రాముల్లో తూస్తే, 64.8ని ఆ బరువుతో భాగిస్తే చాలు, నంబరు వస్తుంది. నూరో నంబరు లీ 0.648 గ్రాములు ఉండాలి. ఇది నూటికి ఎనిమిదిన్నర పాళ్ళ తేమతో కట్టిన లెక్క. ముసుర్లో ఆ తేమ పదిన్నరకు పోతే లీ 0.66 తూగుతుంది, నంబరు 98కి దిగినట్టు కనబడుతుంది. ఆ రెండు నంబర్ల తేడా కోసం నూలు కొట్టువాడితో తగువు పెట్టుకోనక్కర్లేదు.

తూకానికి అందనిది ఇంకొకటుంది. పోగు ఒకచోట లావు, ఒకచోట సన్నం అయినా సగటున నూరే రావచ్చు. సన్నంచోట తెగుతుంది, లావుచోట మగ్గం అచ్చు పళ్ళలో ఒరుసుకుంటుంది.

మాంచెస్టరులో సన్న నూలు మిల్లు నడిపిన జాన్ కెన్నెడీకి ఈ బాధ బాగా తెలిసే ఉంటుంది. యంత్రాలూ చేసినవాడు, 1829లో రెయిన్‌హిల్ రైలింజన్ల పోటీకి న్యాయనిర్ణేత కూడా. పత్తి వ్యాపారం ఎదుగుదల మీద 1815లో, మ్యూల్ అనే నూలు వడికే యంత్రం కనిపెట్టిన శామ్యూల్ క్రాంప్టన్ మీద 1830లో అక్కడి సాహిత్య తాత్విక సంఘంలో వ్యాసాలు చదివాడు.

1779 నాటి ఆ మ్యూల్‌ని ఒకేసారి చాలా కదుళ్ళు తిప్పే జెన్నీకీ, పత్తిని సాగదీసే ఆర్క్‌రైట్ రోలర్లకీ పుట్టిన సంకరం అని ఒక్క మాటలో తేల్చేస్తుంటారు. కిటుకంతా కదుళ్ళున్న బండిలో ఉంది. రోలర్లు ఆగాక కూడా బండి ఇంకాస్త వెనక్కి జరుగుతుంది. మెలి ముందు సన్నంచోటికి ఎక్కి దాన్ని బిగిస్తుంది. మెలి చాలని లావుచోటు సాగి సన్నబడుతుంది. మెలి ఎక్కకముందే గట్టిగా లాగితే మాత్రం తెగుతుంది. నరసాపురం పక్క మాధవాయపాలెంలో కుంపిణీ బట్ట కొన్న రోజుల్లో రాట్నం దగ్గర ఈ పని వేళ్ళే చేసేవి. క్రాంప్టన్ నూలు 40వ నంబరు పౌను 14 షిల్లింగులు, 60వది 25, 80వది 42 పలికిందంటే వింతేముంది!

ఇప్పటి మిల్లుల రింగు కదుళ్ళకు బండితో చేసే ఆ సాగదీత లేదు. హెచ్చుతగ్గులు ముందే, ఏకులు సాగదీసే దగ్గరే సరికావాలి. అక్కడ తప్పినదాన్ని నల్ల అట్ట పట్టిస్తుంది: పోగు ఎడంగా చుట్టి వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే లావు, సన్నం చారలు తేలతాయి. దీనికి ముసురుతో పేచీ లేదు. తూకం సంగతి ఎండ కాశాక చూసుకోవచ్చు.