పిడికెడు విత్తనాలు, మా ఊరి కోత పండుగ

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. మొన్న ఆదివారం మా ఊళ్లో కోత పండుగ అయింది. గుణుపురం దాటాక వంశధార గట్టుకి కాస్త దూరంలో మా ఊరు, ఒరిస్సాలో ఉన్నా సగం ఇళ్లలో తెలుగే, పొద్దున్న తెలుగు ఆరాధన అయ్యాక అదే బెంచీల మీద ఒడియా ఆరాధన. కోత పండుగ చూడనివాళ్ల కోసం చెప్తున్నా, ఎవరి పొలంలో పండింది వాళ్లు తెచ్చి వేదిక ముందు పెడతారు, వరి పనలు, చోళ్లు (రాగులు), కందులు, గుమ్మడికాయలు, అరటిగెలలు, కాళ్లు కట్టేసిన కోడిపుంజు ఒకటి (ప్రసంగం మధ్యలో అది కూయకపోతే పండుగ అయినట్టే ఉండదు), ప్రార్థన అయ్యాక అన్నీ వేలం. ఈసారి ఒక గుమ్మడికాయ ఆరువందల యాభైకి పోయింది, పాడుకున్నది మా చిన్నాన్నే, ఇంటికెళ్లాక పిన్ని ఏమందో మాత్రం ఇక్కడ రాయను.

అయ్యగారు చదివింది 126వ కీర్తన. "పిడికెడు విత్తనములు చేతపట్టుకొని యేడ్చుచు పోవువాడు సంతోషగానము చేయుచు పనలు మోసికొని వచ్చును." ప్రతి ఏడూ ఇదే వాక్యం, ప్రసంగం కూడా దాదాపు అదే, ఇప్పుడు ఏడిస్తే రేపు నవ్వుతాం, ఆమెన్, అక్కడితో అయిపోతుంది. నేనూ ఆమెన్ అనేసి వేలం ఎప్పుడా అని చూస్తున్నా. అప్పుడే ఆడవాళ్ల వైపు కూర్చున్న అమ్మ కొంగు కళ్లకి పెట్టుకోడం కనిపించింది. పక్కన మా మేనకోడలు, పదమూడేళ్లది, ఏం పట్టనట్టు పాటల పుస్తకం అట్ట గోకుతూ కూర్చుంది.

ఇంటికొచ్చాక అడిగితే అమ్మ తిరిగి నన్నే అడిగింది, విత్తేవాడు ఎందుకు ఏడుస్తాడ్రా అని. నాకు తోచలేదు. కష్టం కదమ్మా అన్నాను. కష్టం ఎక్కడ లేదు, కోతలో మాత్రం కష్టం లేదా అంది. తర్వాత తన చిన్నతనం చెప్పింది. ఆషాఢం వచ్చేసరికి ఇంట్లో తిండిగింజలు అయిపోయేవట, చింతపిక్కలు, మామిడి టెంకల పిండి కూడా అయిపోయేవట, మిగిలేది విత్తనానికని దాచిన చోళ్ల మూట ఒక్కటే. పిల్లలు ఆకలి అంటున్నారు, మూట కళ్లెదురుగానే ఉంది, అంబలి కాస్తే రెండ్రోజులు గడుస్తుంది. మా తాతయ్య ఆ మూట భుజాన వేసుకుని ఎవరి మొహం చూడకుండా పోడుకి వెళ్లిపోయేవాడట. పిల్లల నోటికాడిది తీసుకెళ్లి మట్టిలో పోస్తున్నాడ్రా, ఏడవడా మరి, అంది అమ్మ.

నేను ఇన్నేళ్లూ ఈ వాక్యం చదివాను గానీ ఆ పిడికెడు ఎవరిది అని ఎప్పుడూ అనుకోలేదు. బాబెలు చెరలోంచి తిరిగొచ్చిన యూదుల పాట ఇది, యెరూషలేముకి ఎక్కుతూ పాడుకునే యాత్రకీర్తన. వచ్చారు సరే, ఊరు పాడుబడి ఉంది, గాదెలు ఖాళీ, ఉన్న నాలుగు గింజలు తినాలా చల్లాలా. పై వచనంలో దక్షిణదేశపు ప్రవాహాలు అంటాడు కదా, అది ఎండిపోయే నేల, మన గెడ్డల్లాగే వేసవిలో ఇసుక తప్ప ఏమీ ఉండదు, ఒక్క రాత్రి కొండ మీద వాన పడితే తెల్లారేసరికి దాటలేం. అలా చెరలో ఉన్న మావాళ్లని రప్పించు ప్రభువా అని అడిగి, ఆ తర్వాత మూట భుజానేసుకుని వెళ్తున్నాడు, వాన ఇంకా పడలేదు.

అమ్మ ఏడ్చింది తాతయ్య కోసం కాదు, అది మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది.

మా అక్కా బావా మిషనరీలుగా ఆఫ్రికాలోని జాంబియా వెళ్లి ఆరేళ్లయింది. బావది పర్లాకిమిడి, స్కూల్లో లెక్కలు చెప్పేవాడు, మానేసి వెళ్లాడు. ఉత్తరాన కసామా వైపు, బెంబా మాట్లాడే పల్లెలు. జాంబియా క్రైస్తవ దేశమే కదా, రాజ్యాంగంలోనే రాసుకున్నారు కదా 1996లో, అక్కడికి మిషనరీ ఎందుకు అని చాలామంది అడిగారు, నేనూ అడిగాను. బావ అన్నాడు, పేరుకి అందరూ క్రైస్తవులే బావమరిదీ, ఈ పల్లెల్లో వాక్యం చెప్పేవాడు నెలకోసారి సైకిల్ మీద వస్తే వచ్చినట్టు, నేను కొత్తగా పెట్టేది పెద్దగా లేదు, వాళ్లలోంచే నలుగురు పెద్దల్ని తయారుచేసి పక్కకి తప్పుకోడమే నా పని అని. చర్చి నాటడం అంటే బిల్డింగ్ అనుకునేవాణ్ణి నేను. మొదటి రెండేళ్లు మామిడిచెట్టు కిందే, తొమ్మిది మందితో, వానాకాలం ఎవరో ఒకరి వంటింటి చూరు కింద.

అక్క ఫోన్ చేస్తే పరిచర్య కబుర్లకంటే వంట కబుర్లే ఎక్కువ. అక్కడ ఉబ్వాలి అని ముద్ద తింటారట, ఇప్పుడు ఎక్కువగా మొక్కజొన్న పిండితో గానీ పాతకాలం నుంచి ఆ పల్లెల్లో చేసేది చోళ్లతోనే. చోళ్లు చూసి అక్క అక్కడే ఏడ్చేసిందట. ఇంకా వింత, వాళ్లకీ పోడు ఉంది, చితెమెనె అంటారు, చెట్ల కొమ్మలు నరికి గుట్టపోసి కాల్చి ఆ బూడిదలో చోళ్లు చల్లుతారు. మన కొండల మీద చేసేదే కదా. గొంగళిపురుగులు వేపుడు పెట్టినప్పుడు మాత్రం వారం ఆలోచించిందట, తర్వాత మన ఏజెన్సీలో ఎర్రచీమల పచ్చడి లేదా ఏంటి అనుకుని తినేసిందట. భాష కూడా ప్రసంగాల్లో రాలేదు తనకి, పొయ్యి దగ్గరే వచ్చింది. పొరుగింటావిడ పొయ్యి మీద పొగ తగిలేలా ఒక సొరబుర్ర వేలాడదీసి ఉందట, ఇదేంటి అంటే విత్తనం అందట, పురుగు పట్టకుండా. జనవరి ఫిబ్రవరి వాళ్లకి ఆకలి నెలలు, కోత ఏప్రిల్ దాకా రాదు. నవంబర్లో ఆ బుర్ర దించి గింజలు చేటలో పోసేటప్పుడు ఇంట్లో పిల్లల్ని బయటికి పంపేసిందట ఆవిడ. అక్క ఇది నాకు ఎప్పుడో చెప్పింది, నేను ఊ కొట్టి వదిలేశాను, అమ్మ మొన్న చెప్పాకే గుర్తొచ్చింది.

ఇక మా మేనకోడలు. మొదట ఇద్దరు పిల్లల్నీ తీసుకెళ్లారు. చిన్నోడు బాగానే కలిసిపోయాడు, వాడు ఇప్పుడు అమ్మతో ఫోన్లో నాతోతేలా అమ్మమ్మా అంటాడు, అంటే థాంక్స్ అని, మా అమ్మ తిరిగి పర్లేదులే నాన్నా అంటుంది, ఇద్దరికీ అన్నీ అర్థమైపోతాయి. పెద్దదానికి మాత్రం స్కూల్ కుదరలేదు, దగ్గర్లో సరైనది లేదు, టౌన్ హాస్టల్‌కి డబ్బుల్లేవు. అదే సమయంలో ఇక్కడినుంచి నెలనెలా సపోర్ట్ పంపుతామన్న ఒక గ్రూపువాళ్లు నాలుగు నెలలు పంపలేదు, అడిగితే రిపోర్టు ఏది, ఫొటోలు ఏవి, ఎన్ని బాప్తిస్మాలయ్యాయి అన్నారు. పేరు ఎందుకులెండి. తొమ్మిదేళ్లప్పుడు బావ దాన్ని తీసుకొచ్చి అమ్మ దగ్గర వదిలి పదిరోజులుండి వెళ్లిపోయాడు. నాలుగేళ్లు అయింది. వాళ్లమ్మతో మాట్లాడుతుంది, తమ్ముడితో పోట్లాడుతుంది, నాన్న ఫోన్ అందుకుంటే మాత్రం బాత్రూమ్‌కి వెళ్తున్నా అంటుంది.

మన మీటింగుల్లో మిషనరీ సాక్ష్యం చెప్తే చప్పట్లు కొడతాం, త్యాగం చేశాడు అంటాం. ఎవరిది త్యాగం చేశాడు? ఇంగ్లండ్ నుంచి బెంగాల్ వచ్చిన మిషనరీ విలియం కేరీ గొప్పవాడే, అక్కడి శ్రీరాంపూర్‌లో ఆయన ప్రెస్‌లోనే ఒడియా కొత్త నిబంధన 1809లో, తెలుగుది 1818లో అచ్చయ్యాయి, మా చర్చిలో రెండు ఆరాధనలూ ఆ రుణంలోనే ఉన్నాయి. కానీ 1793లో ఆయన భార్య డొరొతీ ఇష్టం లేకుండానే ఓడెక్కింది, మరుసటి ఏడు అయిదేళ్ల కొడుకు పీటర్ జబ్బుచేసి పోయాడు, ఆవిడ మనసు చెదిరిపోయింది, 1807లో చనిపోయేదాకా మళ్లీ కుదుటపడలేదు. మొదటి విశ్వాసి కృష్ణ పాల్ 1800 డిసెంబర్లో గంగలో బాప్తిస్మం తీసుకున్నాడు అని ఏడేళ్ల ఓపిక గురించి చెప్తారు, డొరొతీ గురించి చెప్పరు. చెప్తే మిషనరీలు తగ్గిపోతారని భయమేమో. దేవుడు అలాంటివి దాచమని ఎక్కడా అనలేదు, ఏడ్చుచు అని స్పష్టంగా రాయించాడు.

ఇంకొకాయన గురించి మన వాళ్లకే ఎక్కువ తెలీదు, జాన్ రంగయ్య. 1903లో నెల్లూరు నుంచి భార్య కనకమ్మతో దక్షిణాఫ్రికా నాటాల్ వెళ్లారు. పంపింది తెల్లవాళ్లు కాదు, తెలుగు బాప్టిస్టులే, వాళ్ల సొంత హోమ్ మిషన్ సొసైటీ. 1860 నుంచి 1911 వరకు చెరుకు తోటలకి ఒప్పందం కూలీలుగా లక్షా యాభై వేలమందికి పైగా ఓడల్లో వెళ్లారు కదా, అందులో తెలుగువాళ్లు చాలామంది మన గంజాం, విశాఖ జిల్లాల వాళ్లే (అప్పట్లో మా గుణుపురం కూడా విశాఖ జిల్లాలోదే, 1936లో ఒరిస్సా వచ్చాకే ఇటు పడ్డాం). ఆ కూలీల మధ్య 1903 డిసెంబరు 27న కియర్స్‌నీ తోటల దగ్గర మొదటి తెలుగు బాప్టిస్టు సంఘం కట్టారు. 1915లో చనిపోయేవరకు ఆయనది అదే పని. నాకు ఇందులో నచ్చేది ఏంటంటే అసలు నెల్లూరుకి సువార్త పంపమని అడిగినవాళ్లలో ముఖ్యుడు ఒరిస్సాలో పనిచేసిన మిషనరీ ఏమోస్ సట్టన్. ఆయన అమెరికా వెళ్లి తెలుగువాళ్ల దగ్గరికి ఎవరినైనా పంపండి అని అడిగితే 1835లో శామ్యూల్ డే ఓడెక్కాడు, 1840లో నెల్లూరు చేరాడు. పంట లేదు, మూసేద్దాం అని పంపిన అమెరికావాళ్లు అనుకున్న రోజులూ ఉన్నాయి. విత్తింది ఒకడు, పన మోసింది ఇంకొకడు, ఆ పనలోంచి పిడికెడు తీసి మళ్లీ సముద్రం దాటించింది నెల్లూరు వాళ్లు.

మా స్త్రీల సమాజంలో కూడా పిడికెడు బియ్యం ఉంది, మిజోరం వాళ్లు 1910 నుంచి చేస్తున్నదే, ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు, నెలాఖరుకి అమ్మి పరిచర్యకి పంపుతారు. మా ఇంట్లో అది పాత హార్లిక్స్ సీసా. నిన్న సాయంత్రం చూస్తే ఆ సీసా పక్కన చిన్న గుడ్డమూట, విప్పితే చోళ్లు. ఎవరు పెట్టారంటే మేనకోడలు వేలంలో తన డబ్బులు ఇరవై పెట్టి పాడుకున్న చోళ్లలోంచి తీసిందట. అమ్మమ్మ చెప్పింది విన్నాను మామయ్యా, అక్కడ కూడా చోళ్లు చల్లుతారు కదా, కొరియర్‌లో పంపు అంది. విత్తనాలు వేరే దేశానికి ఊరికే పంపనివ్వరు, సర్టిఫికెట్లు కావాలి అని చెప్పాను. కాసేపు ఊరుకుంది. తర్వాత మూట మళ్లీ ముడేస్తూ, పోనీ డిసెంబర్లో నాన్న వస్తే అడుగుదాంలే అంది.