బీకామ్ తర్వాత ఆడిటర్ ఆఫీసులో మొదటి ఏడాది: నా అనుభవం

బీకామ్‌లో జర్నల్, లెడ్జర్, ఫైనల్ అకౌంట్లు బాగా వేసినవాళ్లకి కూడా ఆడిటర్ ఆఫీసులో మొదటిరోజు చేతికొచ్చేది ఒక ప్లాస్టిక్ సంచి. నెలరోజుల కొనుగోలు బిల్లులు, పెట్రోలు చీటీలు, లారీ రశీదులు, బ్యాంకు స్టేట్‌మెంటు అన్నీ కలగలిపి పంపిస్తారు షాపువాళ్లు. అందులోంచి ఇరవయ్యో తేదీకల్లా జీఎస్టీఆర్-3బీ (ఆ నెల పన్ను లెక్క చూపి కట్టే జీఎస్టీ రిటర్ను) తేలాలి. నేను ఈ పని విజయవాడలో నేర్చుకున్నాను. డెబిట్, క్రెడిట్ లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీయే చూసుకుంటుంది. మన పనంతా రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి తేడా ఎక్కడుందో పట్టుకోవడమే. కొత్తగా చేరేవాళ్లకి ఇది ముందే తెలిస్తే మంచిదని రాస్తున్నాను.

నెలంతా తేదీల మీద నడుస్తుంది. 7న టీడీఎస్ (చెల్లింపుల్లోంచి ముందే మినహాయించిన ఆదాయపు పన్ను) చలానా. 10న వృత్తి పన్ను. ఆంధ్ర, తెలంగాణ రెండిట్లోనూ జీతం 15 వేలు దాటితే నెలకి 150, 20 వేలు దాటితే 200 రూపాయలు. 11న జీఎస్టీఆర్-1, అంటే అమ్మిన బిల్లుల వివరాల రిటర్ను. 14న జీఎస్టీ పోర్టల్‌లో 2బీ (మన కొనుగోలు బిల్లుల జాబితా) వస్తుంది. 15న పీఎఫ్, ఈఎస్ఐ. 20న 3బీ. టర్నోవర్ 5 కోట్ల లోపు ఉండి మూడు నెలలకోసారి వేసే పద్ధతి ఎంచుకున్నవాళ్లకి మన రాష్ట్రాల్లో 3బీ గడువు 22. ఈ తేదీలు గోడ మీద రాసి పెట్టుకోండి. 3బీ ఆలస్యమైతే రోజుకి 50 రూపాయలు, ఏ లావాదేవీ లేని నిల్ రిటర్నయినా రోజుకి 20. కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ వేరే.

సంచి విప్పగానే ఎంట్రీకి దిగకూడదు. అమ్మకాలు, కొనుగోళ్లు, ఖర్చులు, బ్యాంకు అని నాలుగు కుప్పలు పెట్టుకోవాలి. కొనుగోలు బిల్లు మీద ముందు అమ్మినవాళ్లదీ మనదీ రెండు జీఎస్టీ నంబర్లూ చూడాలి. ఆ నంబరులో 15 అక్షరాలుంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, తర్వాతి పది పాన్. ఆంధ్రకి 37, తెలంగాణకి 36. హైదరాబాద్ పార్టీ (సరుకు అమ్మిన వ్యాపారి) బిల్లుని అలవాటుకొద్దీ లోకల్ అనుకుని సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ (ఒకే రాష్ట్రంలోని అమ్మకం మీద కేంద్రానికి, రాష్ట్రానికి పడే పన్నులు) కింద కొట్టేయడం మా దగ్గర చేరిన ప్రతి కొత్తవాళ్లూ చేసే పొరపాటు. 36 నుంచి 37కి సరుకొస్తే అది ఐజీఎస్టీ, రాష్ట్రం దాటిన సరుకు మీద పడే పన్ను. అమ్మకంలో ఇదే తప్పు జరిగితే సరైన పన్ను మళ్లీ కట్టి, తప్పు పద్దులో కట్టినదానికి రీఫండ్ పెట్టుకోవాలి. వడ్డీ పడదు గానీ డబ్బు నెలల తరబడి ఇరుక్కుపోతుంది.

అన్నిటికంటే ఎక్కువ టైమ్ తీసుకునేది 2బీ సరిచూడటం. మనకి అమ్మినవాళ్లు వాళ్ల జీఎస్టీఆర్-1లో ఎక్కించిన బిల్లులే 2బీలో కనబడతాయి. టాలీలోంచి కొనుగోళ్ల రిజిస్టరు, పోర్టల్‌లోంచి 2బీ, రెండూ ఎక్సెల్‌లో దింపుకుని వీలుకప్ (ఒక షీటులోది రెండోదాంట్లో ఉందా అని వెతికే ఫార్ములా) కొడతాం. సగం కలవవు. కంగారు పడక్కర్లేదు. బిల్లు మీద 0117 అని ఉంటే టాలీలో 117 అని కొట్టి ఉంటాం, లేదా నంబరు చివర ఒక ఖాళీ ఉంటుంది. నేనయితే బిల్లు నంబరుని నమ్ముకోను. ముందు పార్టీ జీఎస్టీ నంబరు, పన్నుకి ముందు విలువ, ఈ రెండూ కలిపి ఒక కాలమ్ చేసి వెతుకుతాను. చాలావరకు అక్కడే కలిసిపోతాయి. మిగిలిన వాటికే బిల్లు నంబరు చివరి మూడంకెలు చూస్తాను.

అప్పటికీ కలవనివాటికి ఫోన్ చేయాల్సిందే. ఏమడగాలో తెలిసి అడిగితే అవతలి గుమస్తాగారు కూడా వెంటనే చూస్తారు. "ఏవండీ, మీ 117 నంబరు బిల్లు మా 2బీలో పడలేదండీ. ఆర్-వన్‌లో బీ2బీలో వేశారా, బీ2సీలోకి వెళ్లిపోయిందా?" అంటే చాలు. మన నంబరు లేకుండా మామూలు కస్టమర్ కింద, అంటే బీ2సీలో, వేసేసి ఉంటారు, లేదా ఇంకా వేసే ఉండరు. ఆ బిల్లు మీద క్రెడిట్ (కొన్నప్పుడు ఇచ్చిన పన్నుని మనం కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం) ఈ నెల తీసుకోకూడదు. అది 2బీలో వచ్చిన నెలలో తీసుకుందాం. అందుకు వచ్చే ఆర్థిక సంవత్సరం నవంబరు 30 దాకా గడువుంటుంది. వార్షిక రిటర్ను అంతకుముందే వేసేస్తే ఆ రోజుతోనే సరి. అందుకే పెండింగ్ బిల్లులకి వేరే షీటు పెట్టి ప్రతి నెలా మోసుకుపోవాలి.

ఇంకొక సంగతి. 2బీలో కనబడినంత మాత్రాన క్రెడిట్ మనదైపోదు. ఓనరుగారు షాపు నంబరు మీద ఇంటికి ఫ్రిజ్ కొంటే అది కూడా 2బీలో వస్తుంది. సొంతానికి తిరిగే కారూ వస్తుంది. ఈ రెండిటికీ క్రెడిట్ రాదు. అలాగే పార్టీకి 180 రోజుల్లో డబ్బు ఇవ్వకపోతే తీసుకున్న క్రెడిట్ వెనక్కి కట్టాలి. ఇది ఎవరూ గుర్తు చేయరు.

3బీలో లారీ కిరాయి మర్చిపోవద్దు. ట్రాన్స్‌పోర్టు ఆఫీసు తన రశీదులో పన్ను వేయకపోతే 5 శాతం మనమే రివర్స్ ఛార్జ్ కింద కట్టాలి. దాన్ని క్రెడిట్‌లోంచి సర్దడానికి వీల్లేదు, నగదుగానే కట్టాలి. కట్టింది అదే నెల క్రెడిట్‌గా తీసుకోవచ్చు. మిగతా పన్నులో ఐజీఎస్టీ క్రెడిట్ ముందు అయిపోవాలి. సీజీఎస్టీ క్రెడిట్ ఎస్‌జీఎస్టీకి వాడుకోవడం ఎప్పటికీ కుదరదు. చలానాలో డబ్బు తప్పు పద్దులో పడితే పీఎంటీ-09 ఫారంతో మార్చుకోవచ్చు.

రిటర్నులు అయ్యాక బ్యాంకు. టాలీలో ట్రయల్ బ్యాలెన్స్ కలిసింది కదా అని ధైర్యపడొద్దు. ఎంట్రీ తప్పయినా రెండువైపులా ఒకే అంకె పడుతుంది కాబట్టి అది కలుస్తూనే ఉంటుంది. తప్పు బయటపడేది బ్యాంకు స్టేట్‌మెంటు దగ్గరే. పుస్తకంలో నిల్వ 2,14,380 అనుకుందాం. మనం ఇచ్చిన చెక్కుల్లో ఇంకా బ్యాంకుకి వెళ్లనివి 47,000. అంటే బ్యాంకులో 2,61,380 ఉండాలి. ఉన్నది 2,61,200. తేడా 180. ముందు బ్యాంకు ఛార్జీలు చూడాలి. అవి కాకపోతే తేడాని 9తో భాగించి చూడండి. శేషం లేకుండా పోయిందంటే అంకెలు తారుమారై ఉండొచ్చు. వెతికితే 5,240 వచ్చినచోట 5,420 అని కొట్టి ఉంటాం. చేతిలెక్కల కాలం నాటి కిటుకిది, ఇప్పటికీ పనికొస్తోంది.

తేలని ఫోన్‌పే చెల్లింపులన్నీ సస్పెన్స్‌లో (దేనివో తెలియనివి తాత్కాలికంగా వేసే పద్దు) పడేయకండి. మార్చిలో అవే కొండలా కూర్చుంటాయి. వారానికోసారి ఓనరుగారి దగ్గర కూర్చుని ఏది షాపుది, ఏది ఇంటిదో అడిగి, ఇంటివి డ్రాయింగ్స్‌లో (ఓనరు సొంతానికి తీసుకున్న డబ్బు పద్దు) వేయాలి. నగదు పద్దు కూడా రోజువారీగా చూడాలి. నెలాఖరున బాగానే ఉండి మధ్యలో మైనస్‌లోకి వెళ్లిందంటే ఏదో రాబడి ఎక్కలేదన్నమాట. ఒకే రోజు ఒకే మనిషికి 10 వేలకి మించి నగదు ఇస్తే ఆదాయపు పన్నులో ఆ ఖర్చు ఒప్పుకోరు. లారీలవాళ్లకయితే 35 వేల దాకా పర్వాలేదు.

ఏడాది గడిచాక ఎటు వెళ్లాలన్నది తర్వాతి ప్రశ్న. సీఏ అనుకునేవాళ్లు ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఆడిటర్ ఆఫీసులో జీతానికి చేసిన పని ఆర్టికల్స్ (సీఏ కోర్సులో తప్పనిసరి శిక్షణ) కిందికి రాదు. బీకామ్‌లో 55 శాతం ఉంటే సీఏ మొదటి దశ ఫౌండేషన్ లేకుండా నేరుగా రెండో దశ సీఏ ఇంటర్‌లో చేరొచ్చు. రెండు గ్రూపులు, ఒక్కోదాంట్లో మూడు పేపర్లు. పేపరుకి 40, గ్రూపు మొత్తం మీద 50 శాతం రావాలి. రెండు గ్రూపులూ పాసై, సభ్యుడైన సీఏ దగ్గర రిజిస్టరు చేసుకున్నాకే ఆర్టికల్స్ లెక్క మొదలవుతుంది. 2023లో వచ్చిన కొత్త పద్ధతిలో అది రెండేళ్లు. దీనికి ముందే చదువుకునే టైమ్ చూసుకోకపోతే నెలనెలా ఇరవయ్యో తేదీల్లోనే ఏళ్లు గడిచిపోతాయి. ఇలా ఆగిపోయినవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

సొంతంగా చేసుకోవాలంటే పీసీటీ-01 ఫారంతో జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా నమోదుకి బీకామ్ డిగ్రీ చాలు, కానీ అది నిలవాలంటే పన్ను శాఖ శిక్షణ సంస్థ నాసిన్ పెట్టే పరీక్ష కూడా పాసవ్వాలి. హైదరాబాద్ కంపెనీల్లో అకౌంట్స్ పేయబుల్ ఉద్యోగమంటే ఆర్డరు, సరుకు అందిన రశీదు, బిల్లు మూడూ కలుస్తున్నాయా చూడటం. 2బీ సరిచూసినవాళ్లకి అది కొత్తగా అనిపించదు. అమెరికా ట్యాక్స్ ఆఫీసుల్లో జనవరి నుంచి ఏప్రిల్ 15 దాకా ఊపిరాడదు. అక్కడ పైకెళ్లాలంటే మూడు భాగాల ఎన్‌రోల్డ్ ఏజెంట్ (అమెరికా పన్ను శాఖ గుర్తింపు) పరీక్ష రాస్తారు. ప్రభుత్వ ఉద్యోగమే కావాలనుకుంటే కేంద్ర ఉద్యోగాల పరీక్ష ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌లో ఆడిటర్, అకౌంటెంట్ పోస్టులుంటాయి. వాటికి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది.

ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు ఆఫీసుకొచ్చిన షాపువాళ్ల కాగితాలు పట్టుకెళ్లొద్దు, అవి మనవి కావు. సొంతంగా ముప్ఫై వరసల కొనుగోళ్ల షీటు, ముప్ఫై వరసల 2బీ షీటు తయారుచేసుకుని, అందులో కావాలనే ఆరేడు తేడాలు పెట్టుకోండి. "ఇవి ఎందుకు కలవలేదు?" అని అడిగితే ఒక్కోదానికీ కారణం, మరుసటి నెల ఏం చేస్తారో చెప్పగలిగేదాకా దాని మీద కూర్చోండి.